18 గంటలు కూర్చుని, 7 గంటలు నడిచి: ఒక చిక్కమగళూరు ప్యాకేజీ గురించి

గత జనవరిలో ఒక వారాంతం నేను, మావారు, ఇంజినీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు కలిసి బెంగళూరు నుంచి చిక్కమగళూరుకు ఒక ‘వీకెండ్ ట్రెక్’ ప్యాకేజీలో వెళ్ళివచ్చాం. మనిషికి 6,800 రూపాయలు. రానుపోను టెంపో ట్రావెలర్, ముళ్ళయ్యనగిరి ఎక్కడం, కాఫీ తోటలోని హోంస్టేలో బస, మర్నాడు తోటలో నడక, ఒక జలపాతం, బేలూరు గుడి అందులో ఉన్నాయి. నచ్చినవీ నచ్చనివీ రెండూ చెప్పబోతున్నాను కనుక నిర్వాహకుల పేరు గాని, హోంస్టే పేరు గాని రాయడం లేదు. నేను ఎత్తిచూపే లోపాలు ఆ ఒక్కరివే కావనీ, ఇదే దారిలో ఇదే పద్ధతిలో బండ్లు నడిపే చాలామందికి కాస్త అటూఇటూగా వర్తిస్తాయనీ తిరిగొచ్చాక మా అపార్టుమెంటులో నలుగురినీ కదిపితే తెలిసింది.

ఇలాంటి ప్యాకేజీని తూచడానికి నేను ఒకే కొలత పెట్టుకున్నాను: ఎన్ని గంటలు నడిచాం, ఎన్ని గంటలు కూర్చున్నాం. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు మారతహళ్ళిలో ఇంటికి తాళం వేసిన దగ్గరనుంచి ఆదివారం రాత్రి పదకొండున్నరకు ఆ తాళం తీసేదాకా 50 గంటలు గడిచాయి. అందులో 18 గంటలకు పైగా ఏదో ఒక బండిలో కూర్చునే ఉన్నాం. నడిచింది 7 గంటలు. కొండలూ కాలినడకా అంటూ అరచేతిలో వైకుంఠం చూపించిన ప్రకటనకు ఇది చాలా తక్కువ. అయితే ఆ ఏడు గంటలు మాత్రం పెట్టిన డబ్బుకు తగినవే, నిజం చెప్పాలంటే అంతకంటే ఎక్కువే.

చిక్కమగళూరును ఎంచుకోవడానికి నా కారణం నాకుంది. మాది నర్సీపట్నం. చింతపల్లి ఘాటు దిగివచ్చే కాఫీ గింజల బస్తాలను చూస్తూ పెరిగినదాన్ని కనుక, కాఫీ ఈ దేశంలో మొదట వేళ్ళూనుకున్న కొండను ఒకసారి చూడాలని ఎప్పటినుంచో కోరిక. బాబా బుడన్ అనే సూఫీ సాధువు 17వ శతాబ్దంలో యెమెన్‌లోని మోచా రేవు నుంచి ఏడు కాఫీ గింజలు దాచి తెచ్చి ఇక్కడి కొండవాలులో నాటాడని చెబుతారు. ఆ కొండలకే ఇప్పుడు ఆయన పేరు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కాఫీలలో బాబా బుడన్‌గిరి అరబికా, చిక్కమగళూరు అరబికా ఉన్నాయి, మన అరకు అరబికా కూడా ఉంది. ఊరి పేరుకు చిన్న కూతురి ఊరని అర్థం. సక్రెపట్నం పాలకుడు చిన్న కూతురికి అరణంగా ఇచ్చిన ఊరట; పెద్ద కూతురికి ఇచ్చిన హిరేమగళూరు పక్కనే ఉంది. మా అక్క కొడుకుకు వీటిలో దేనితోనూ పని లేదు, వాడికి కావలసింది కర్ణాటకలోకెల్లా ఎత్తయిన శిఖరం. ముళ్ళయ్యనగిరి ఎత్తు 1,930 మీటర్లు, మన తూర్పు కనుమల్లోని అరమకొండ కంటే 250 మీటర్లు ఎక్కువ.

బెంగళూరు నుంచి నెలమంగల, కుణిగల్, హాసన్, బేలూరు మీదుగా చిక్కమగళూరు సుమారు 245 కిలోమీటర్లు. రోడ్డు బాగుంటుంది, పగటిపూట అయిదారు గంటల ప్రయాణం. మాకు ఎనిమిది గంటలు పట్టింది, ఎందుకంటే బండి మారతహళ్ళిలో మొదలై సిల్క్ బోర్డు, బీటీఎం, బనశంకరి, విజయనగర్, యశ్వంతపూర్ అంటూ పెళ్ళివారి బస్సులా వీధివీధినా ఆగుతూ, ఒకచోట ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం ఎదురుచూస్తూ, నగరం దాటేసరికి రాత్రి పన్నెండున్నర అయింది. మొదట ఎక్కినవాళ్ళకే ఎక్కువ శిక్ష. మీరు నగరానికి తూర్పున ఉంటే, ఇంటి దగ్గర ఎక్కే సౌకర్యాన్ని వదులుకుని మెట్రోలో యశ్వంతపూర్ వైపు వెళ్ళి చివరి స్టాపులో ఎక్కండి. రెండు గంటలు ఇంట్లో పడుకోవచ్చు. ‘రెండు రాత్రుల’ ప్యాకేజీలో ఒక రాత్రి సీటులోనే గడుస్తుందన్న సంగతి కూడా ప్రకటనలో ఎక్కడా ఉండదు.

ఉదయం ఆరింటికి పట్టణంలో దించారు. ‘ఫ్రెషప్’ కోసమని తీసుకెళ్ళిన ఇంట్లో పదమూడు మందికి రెండు స్నానాల గదులు. ఒకదానిలో వేడినీళ్ళు రావు. పళ్ళు తోముకునే బ్రష్షులు చేతుల్లో పట్టుకుని వరుసలో నిలబడి ఉండగానే ఏడున్నర దాటింది. ఆ వరుసలోనే మాలో ఏడుగురు తెలుగువాళ్ళమని తేలింది. గుంటూరు దంపతులు, కరీంనగర్ నుంచి వచ్చి ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసుకుంటున్న ఇద్దరు కుర్రాళ్ళు, మేం ముగ్గురం. ఆ పూటకి లాభం అదొక్కటే.

అసలు దెబ్బ ఆ తర్వాత తెలిసింది. ముళ్ళయ్యనగిరి, బాబా బుడన్‌గిరి వైపు వెళ్ళే బండ్లకు ఇప్పుడు ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. ఉదయం ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత. నిర్వాహకులు తీసుకున్నది మధ్యాహ్నం విడత. ఉదయానికి దొరకలేదన్నారు, అది నిజమే కావచ్చు. కాని ఆ సంగతి బుధవారమే తెలిసి ఉంటుంది కదా, మాకు చెబితే శుక్రవారం రాత్రంతా జాగారం చేయకుండా శనివారం తెల్లవారుజామున బయల్దేరేవాళ్ళం. ఖాళీగా మిగిలిన ఉదయాన్ని హిరేకొళలె చెరువు గట్టు మీద నింపారు. చెరువు అందమైనదే, వెనక కొండల వరస నీళ్ళలో కనబడుతుంది. కాకపోతే దాన్ని చూడటానికి అరగంట చాలు, మేం రెండున్నర గంటలు చూశాం. ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడు మీరు అడగవలసిన మొట్టమొదటి ప్రశ్న ఇదే: కొండకు మీ అనుమతి ఏ విడతలో ఉంది? జవాబు నసిగితే డబ్బు కట్టకండి.

మధ్యాహ్నం ఒంటిగంటకు జీపులు కైమర చెక్‌పోస్టు దాటాయి. అక్కడి నుంచి ఈ సమీక్ష స్వరం మారుతుంది, ఎందుకంటే అక్కడే మాకు గైడు కలిశారు. యాభై దాటిన మనిషి, సన్నగా, కాన్వాస్ బూట్లతో ఉన్నారు. ముప్ఫయ్యేళ్ళు ఒక కాఫీ తోటలో ‘రైటర్’గా పనిచేశారట. ఆ మాట వినగానే మావారు కథలు రాస్తారా అని ఆసక్తిగా అడిగారు. మలెనాడు అనే ఈ కొండసీమ తోటల్లో రైటర్ అంటే కూలీల హాజరు, కోసిన పండ్ల బరువు, కూలి లెక్కలు రాసే గుమాస్తా అని ఆయన నవ్వుతూ చెప్పారు. తెలుగు రాదు, మా కన్నడం అంతంతమాత్రం. అయినా ఆయన పదేపదే చెప్పిన ‘నిధాన, నిధాన’ మాకు అనువాదం లేకుండానే అర్థమైంది.

శిఖరానికి ఎక్కే సర్పధారి దారి పేరుకు తగ్గట్టే పాములా మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. చెట్టు నీడ దాదాపు లేదు. మోకాలి ఎత్తు గడ్డి, మధ్యలో రాళ్ళు, ఎడమపక్క లోయ. జనవరి కనుక గాలి చల్లగా ఉన్నా ఎండ మెడ వెనక చురుక్కుమంటూనే ఉంది. దారిలో ఎక్కడా నీళ్ళు దొరకవు, మనిషికి రెండు లీటర్లు తప్పనిసరి. బాగా నడిచేవాళ్ళకు గంటన్నరలో అయిపోయే ఎక్కుడు మాకు రెండుంబావు గంటలు పట్టింది, అందులో ఇరవై నిమిషాలు ఒక బూటుకు పోయాయి. సగం దారిలో మా అక్క కొడుకు కుడికాలి షూ అడుగు ముందు నుంచి ఊడి, కప్ప నోరు తెరిచినట్టు తెరుచుకుంది. “పిన్నీ, నేను ఇక్కడే కూర్చుంటాను, మీరు వెళ్ళిరండి” అన్నాడు వాడు, ఏడవడానికి సిద్ధంగా. రైటరు గారు మాట్లాడకుండా జేబులోంచి మిరియాల తీగలను చెట్లకు కట్టే పురికొస ఉండ తీసి, షూ చుట్టూ అడ్డంగా మూడు చుట్లు, మడమ మీదుగా రెండు చుట్లు వేసి, ముడి పైకి రాకుండా పక్కకు లాగి కట్టారు. ఆ కట్టు మర్నాడు సాయంత్రం దాకా ఊడలేదు. నిర్వాహకుల తరఫున వచ్చిన కుర్రాడి దగ్గర ఆ సమయంలో ఉన్నది ఒక స్పీకరు, ఒక జెండా.

పైన ముళ్ళప్పస్వామి గుడి చిన్నది, చుట్టూ రాతిగోడ, పక్కన పోలీసు వైర్‌లెస్ కేంద్రం. రెండో వైపునుంచి రోడ్డు దాదాపు పైదాకా వస్తుంది, ఆ తర్వాత మెట్లు మాత్రమే. అందుకని శిఖరం మీద తిరునాళ్ళ జనం ఉంటారు. ఏకాంతం కోరుకునేవాళ్ళు దానికోసం ఇక్కడికి రావద్దు. గడ్డి కొండల మధ్య మడతల్లో మాత్రమే చిక్కగా పెరిగిన చిట్టడవులు, వాటిని షోలా అంటారు, పైనుంచి చూస్తే పచ్చటి గొంగళి మీద నల్లటి మాసికల్లా కనబడతాయి. ఆ దృశ్యం కోసం మళ్ళీ ఎక్కమన్నా ఎక్కుతాను, ఉదయం విడత అయితేనే.

దిగేటప్పుడు కరీంనగర్ కుర్రాళ్ళు ఒక చెట్టు కింద ఎండుటాకుల మీద కూలబడితే రైటరు గారు గట్టిగా లేపేశారు. నవంబరు నుంచి మే దాకా ఈ ప్రాంతపు అడవుల్లో పిడుదుల ద్వారా మంగన జ్వరం, అంటే కోతి జ్వరం, వస్తుంది. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో మొదట గుర్తించిన జబ్బు, చిక్కమగళూరు జిల్లాలోనూ కేసులు వస్తుంటాయి. కాళ్ళు పూర్తిగా కప్పే ప్యాంటు, మేజోళ్ళలోకి దూర్చిన అంచులు, పిడుదులు దరిచేరకుండా రాసుకునే తైలం, తిరిగొచ్చాక వేడినీళ్ళ స్నానం, ఇవీ జాగ్రత్తలు. మాకు వాట్సాప్‌లో పంపిన రెండు పేజీల సూచనల్లో సన్‌గ్లాసెస్ గురించి ఉంది, ‘గ్రూప్ ఫోటోకు తెల్ల టీషర్టు’ అని కూడా ఉంది, పిడుదుల గురించి ఒక్క ముక్క లేదు. ఆరోగ్యానికి సంబంధించిన ఈ ఒక్క లోపానికి నేను సగం మార్కులు కోసేశాను. వానాకాలంలో వెళ్ళేవాళ్ళ బాధ వేరు, అప్పుడు జలగలు. ఉప్పు మూట, మోకాళ్ళ దాకా బిగుతైన మేజోళ్ళు ఉంటే సర్దుకోవచ్చు.

హోంస్టే పట్టణానికి దూరంగా తోట మధ్యలో ఉన్న పాత పెంకుటిల్లు. గదులు శుభ్రం, దుప్పట్లు మందం, రాత్రి చలికి అవి చాలవు కనుక స్వెటరు తెచ్చుకోండి. భోజనం గురించి ఫిర్యాదు చేస్తే కళ్ళు పోతాయి. ఆవిరి మీద ఉడికించిన కడుబు, అక్కి రొట్టె, లేత వెదురు చిగుళ్ళ కూర, చింతకాయంత లేత మామిడి పిందెలతో పెట్టిన ఊరగాయ. ఆవకాయ సీసా వెంట తెచ్చుకున్న గుంటూరు దంపతులు దాన్ని సంచిలోంచి తీయనేలేదు.

కాని కాఫీ! కాఫీ తోటలో పడుకుని లేచిన మనిషికి పొద్దున్నే ప్లాస్టిక్ ఫ్లాస్కులోంచి పోసి ఇచ్చినది, మా ఆఫీసు మిషన్లో వచ్చే ద్రవానికి స్వయానా చెల్లెలు. మొహమాటం చంపుకుని అడిగితే ఇంటావిడ ఏమీ దాచుకోలేదు: తోటలో పండింది పండినట్టు పైతొక్కతో ఉన్న గింజగానే క్యూరింగ్ మిల్లుకు పోతుంది, ఇంటికి పొడి పట్టణంలోని కొట్టునుంచే వస్తుంది, అతిథులు ఎక్కువైన రోజున చికోరీ వాటా కూడా పెరుగుతుంది. మా ముఖాలు చూసి జాలిపడి వంటింట్లోకి పిలిచి, తాము తాగే బెల్లం కాఫీ ఇచ్చారు. పలచగా, పాలు తక్కువగా, బెల్లం వాసన ముందు, చేదు తర్వాత. స్టీలు లోటాలో అది తాగుతుంటే నర్సీపట్నంలో సంతకు వచ్చిన కొండవాళ్ళు కాచుకునే కాఫీ గుర్తొచ్చింది. ప్యాకేజీలో రాసి ఉన్న ‘ఎస్టేట్ కాఫీ అనుభవం’ ఆ వంటింట్లో ఉంది, అక్కడికి దారి మాత్రం ప్రకటనలో లేదు. మీరు వెళితే మొదటి సాయంత్రమే అడిగెయ్యండి.

ఆదివారం ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిముప్పావు దాకా రైటరు గారితో తోటలో నడిచిన మూడుంబావు గంటలే ఈ యాత్ర మొత్తానికీ ప్రాణం. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకున్న మిరియాల తీగలు, కింద నడుమెత్తు కాఫీ మొక్కలు. అరకు, చింతపల్లి తోటల్లోనూ ఇదే అమరిక, అయితే మన వైపు అవి ఎకరం రెండెకరాల గిరిజన రైతుల తోటలు. ఇక్కడ పెద్ద కమతాలు, వాటిలో పనివాళ్ళు ఉండటానికి వరసగా కట్టిన ఇళ్ళు. అరబికా ఆకు చిన్నది, రొబస్టా ఆకు విస్తరాకుకు సరిపోయేంత వెడల్పు. ఒక మొక్క మొదట్లో బెరడు మీద ఉబ్బెత్తు గీతలు చూపించి, లోపల తెల్ల కాండం తొలిచే పురుగు తిరుగుతోందనీ, ఇక ఈ మొక్కను పీకి కాల్చడమే మార్గమనీ చెప్పారు. అలవోకగా చెప్పిన మాటే గాని, చెబుతున్నంతసేపూ ఆయన బొటనవేలు ఆ గీత మీదే ఉంది. పక్క వరసలోనివి ఎస్.795 రకం మొక్కలు, ఈ జిల్లాలోనే బాలెహొన్నూరులో 1925లో మొదలైన కాఫీ పరిశోధన కేంద్రంలో తయారైన రకం.

ఆ తర్వాత కళ్ళం. మన మిరపకాయల కళ్ళం చూసినవాళ్ళకు దాన్ని వేరుగా వర్ణించనక్కరలేదు, రంగు మార్చి ఊహించుకుంటే సరిపోతుంది. ముందురోజు కోసిన పండ్లను నీళ్ళ తొట్టిలో పోసి తేలినవాటిని తీసేస్తారు. మునిగినవాటికి పల్పర్‌లో ఎర్రతొక్క ఊడదీసి, జిగురు పోయేలా కడిగి, లేత గోధుమరంగు పైతొక్కతో ఉన్న గింజలను సిమెంటు నేల మీద పలచగా పరుస్తారు. ఇద్దరు ఆడవాళ్ళు చెక్క గొర్రుతో వాటిని వరసలు వరసలుగా తిరగేస్తుంటే గలగలమని వచ్చే చప్పుడును బట్టి తేమ ఎంత ఉందో రైటరు గారు చెప్పగలరు. ఇది నాలుగో రోజు సరుకు, ఇంకో నాలుగయిదు రోజులు పడుతుంది అన్నారు, చూడకుండానే. ఒక గింజ నా చేతికిచ్చి కొరకమన్నారు, పన్ను దిగింది. దిగకూడదట, ఎండిన గింజ పంటికి లొంగదట. పల్పర్ దగ్గర పులిసిన తొక్కల వాసన ముక్కు బద్దలు కొట్టింది, కరపత్రాల్లోని కాఫీ పరిమళం కోసం వచ్చినవాళ్ళకు ఇది ముందే చెప్పడం మంచిది.

ఈ నడక ప్రకటనలో ‘గంటసేపు ప్లాంటేషన్ వాక్’ అని ఒక్క వాక్యంగా ఉంది. మేం వదలలేదు కనుక మూడుంబావు గంటలయింది. నిర్వాహకుల కుర్రాడు మూడుసార్లు వచ్చి జలపాతానికి ఆలస్యమవుతోందని తొందరపెట్టాడు. ఆ జలపాతం దాకా జీపులో ఎముకలు కదిలిపోయేలా వెళ్ళి, నీళ్ళకంటే మనుషులు ఎక్కువగా ఉన్నారని చూసి వచ్చేశాం.

బేలూరుకు ఇచ్చినది నలభై నిమిషాలు. హొయసల విష్ణువర్ధనుడు 1117లో ప్రతిష్ఠించిన చెన్నకేశవుడు; హళేబీడు, సోమనాథపురం గుళ్ళతో కలిపి 2023లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన చోటు. మాచర్ల చెన్నకేశవుడి ఊరికి దగ్గరివాళ్ళయిన గుంటూరు దంపతులు దర్శనం వరసలోనే అరగంట గడిపి, బయట గోడల మీది మదనికలు అనే స్త్రీ శిల్పాలను పరుగుమీద చూశారు. ఇంత హడావిడిగా చూపించేకన్నా మానేయడమే మర్యాద.

మళ్ళీ వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఇది. ముగ్గురు నలుగురు ఉంటే ప్యాకేజీ అవసరం లేదు. మెజెస్టిక్ నుంచి చిక్కమగళూరుకు ప్రభుత్వ బస్సులు తరచుగా ఉన్నాయి. రైలులో అయితే హుబ్బళ్ళి మార్గంలో కడూరు దాకా సుమారు నాలుగు గంటలు, అక్కడి నుంచి 40 కిలోమీటర్లు బస్సు. ఉదయం విడత దొరికిన తేదీనే యాత్ర తేదీగా పెట్టుకోండి, సెలవులను దానికి తగ్గట్టు సర్దుకోండి. కొండకు స్థానిక జీపు, తోటలో పనిచేసిన మనిషే గైడు, ఒకే హోంస్టేలో రెండు రాత్రులు. శిఖరం ఒక రోజు, తోట ఒక రోజు, జలపాతం వద్దు, బేలూరుకు వేరే ప్రయాణం. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు, ముఖ్యంగా ఊరికి కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు, జట్టుగా తీసుకెళ్ళే ఈ బండ్లు ఉపయోగమే. రాత్రి డ్రైవరు నిదానంగా నడిపాడు, ఎవరితోనూ ఎవరూ తప్పుగా ప్రవర్తించలేదు. అయిదుకు నేనిచ్చేది రెండున్నర, అందులో రెండు రైటరు గారివి.

కాఫీ పూత చూడటానికి మార్చిలో మళ్ళీ రావాలనుకుంటున్నాం, ఏ తేదీకి రమ్మంటారు అని సెలవు తీసుకుంటూ ఆయన్ను అడిగాను. తేదీ నేను చెప్పలేనమ్మా, వాన చెప్పాలి అన్నారు. మొదటి జల్లు పడ్డాక తొమ్మిది పది రోజులకు తోటంతా ఒక్కసారి తెల్లగా విచ్చుకుంటుందట, రెండు మూడు రోజుల్లో వాడిపోతుందట. జల్లు పడ్డ సాయంత్రమే ఫోను చేస్తానని నంబరు తీసుకున్నారు. తొమ్మిది రోజుల ముందు చెబితే ఆఫీసులో సెలవు ఎవరిస్తారని మావారు ఇప్పటికీ సణుగుతూనే ఉన్నారు గాని, ఆ షూకు కట్టిన పురికొసను విప్పి, ఉండ చుట్టి, ప్రయాణపు సంచి జేబులో పెట్టింది కూడా ఆయనే.